ముందు వాల్వ్ తిప్పి చూడండి: విశాఖ ఇళ్లలో నీళ్ల పైపుల రిపేర్లు, సంరక్షణ

ఒక ఆదివారం పొద్దున వాష్ బేసిన్ కింద కాస్త చెమ్మగా ఉందని యాంగిల్ కాక్‌ను, అంటే గోడలోంచి బేసిన్‌కి నీళ్లిచ్చే చిన్న కొళాయిని, కొంచెం బిగించబోయాను. సగం గోడలో ఉండిపోయింది, సగం నా చేతిలోకి వచ్చింది. పెదవాల్తేరులో మేముండేది సముద్రపు గాలి నేరుగా తగిలే ఇల్లు. పరుగున డాబా మీదకెళ్లి ట్యాంకు దగ్గరున్న, చక్రం తిప్పి కట్టే గేటు వాల్వ్ కట్టబోతే అది కదిలితే ఒట్టు. ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు మరి. వెయ్యి లీటర్ల ట్యాంకు హాల్లోకి ఖాళీ అవుతుంటే మా ఆవిడ బియ్యం బస్తాను ఈడ్చి మంచం మీదకి ఎక్కించింది. నేను పాత చొక్కా గుడ్డ చుట్టి ఆ కన్నాన్ని అరచేత్తో నొక్కిపట్టి కూర్చున్నాను. తర్వాత వచ్చిన ప్లంబరు తాపీగా చూసి, "కాక్ విరగడం ఎక్కడైనా జరిగేదేనండీ. పైన వాల్వ్ కట్టుకునుంటే మీరీపాటికి కాఫీ తాగుతుండేవారు" అన్నాడు.

అందుకే కొళాయి సంగతి తర్వాత చూద్దాం, ముందు వాల్వ్‌తో మొదలుపెడదాం.

నీళ్లు ఏ దారిన వస్తున్నాయో తెలుసుకోండి

ఖాళీ దొరికిన ఒక సాయంత్రం ఇల్లంతా ఓసారి తిరగండి. మన ఊళ్లో చాలా ఇళ్లలో దారి ఇలా ఉంటుంది: జీవీఎంసీ (నగర పాలక సంస్థ) కొళాయి లైను వీధిలోంచి నేలలోని సంప్‌లోకి, అక్కణ్నుంచి మోటారు ద్వారా డాబా మీది ట్యాంకులోకి, ట్యాంకు నుంచి రెండు మూడు పైపులు వంటింటికి, బాత్‌రూములకి. బోరు ఉంటే అదీ ఎక్కడో ఒకచోట వచ్చి కలుస్తుంది. ఎక్కడెక్కడ వాల్వ్ ఉందో చూసి, ఏది దేనికో ఆయిల్ పెయింటుతో పక్క గోడ మీదే రాసేయండి. కాగితం మీద రాసుకుంటే అవసరమైన రోజున ఆ కాగితం కనపడదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ పరీక్షించాలి. కింద ఒక కొళాయి తిప్పి వదిలేసి, పైన దాని వాల్వ్ పూర్తిగా కట్టండి. పైపులో ఉన్న నీళ్లు కాసేపు వస్తాయి, తర్వాత ధార ఆగిపోవాలి. ఐదు నిమిషాలైనా సన్నగా వస్తూనే ఉందంటే ఆ వాల్వ్ పట్టడం లేదన్నమాట. ఇది ఈ రోజే తెలియడం మంచిది.

బిగుసుకుపోయిన వాల్వ్‌ను పైపు రెంచి పెట్టి వేలాడి మరీ తిప్పకండి. స్పిండిల్ (పిడితో తిరిగే లోపలి కడ్డీ) అయినా విరుగుతుంది, పైపు అయినా విరుగుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి ఆడించండి. అప్పటికీ రాకపోతే ట్యాంకులో నీళ్లు అయిపోయిన రోజు చూసుకుని మార్పించేయండి. మార్చేటప్పుడు గేటు వాల్వ్ బదులు బాల్ వాల్వ్ వేయించుకోండి. దాని పిడి పావు వంతు తిప్పితే చాలు, కట్టి ఉందో తెరిచి ఉందో దూరం నుంచే తెలుస్తుంది. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే కట్టినట్టు. సముద్రం దగ్గర ఇళ్లకి ఇనుప పిడి ఉన్న చవక రకం వద్దు. ఇత్తడిదో, ప్లాస్టిక్‌దో నయం.

బాగున్న వాల్వ్‌లను నెలకోసారి పూర్తిగా కట్టి, మళ్లీ తెరవండి. గేటు వాల్వ్ అయితే పూర్తిగా తెరిచాక ఒక పావు చుట్టు వెనక్కి తిప్పి వదలండి, బిగుసుకుపోదు. ఇల్లు మొత్తానికి పది నిమిషాల పని. కరెంటు బిల్లు కట్టే రోజు అని పెట్టుకుంటే మర్చిపోరు.

ఉప్పుగాలి చేసే పని

బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు ఇళ్లకి మధురవాడ కొండ వైపు ఇళ్ల కంటే ఈ బెడద ఎక్కువ. గాలిలోని ఉప్పు తడి జీఐ పైపుల (జింకు పూసిన ఇనుప పైపుల) మీది పూతను తినేస్తుంది. అందులోనూ ముందు పోయేది మర కోసిన చోటే. మర కోసినప్పుడు పూతా పోతుంది, పైపు మందమూ తగ్గుతుంది కదా. కాబట్టి గోడ బయట దిగే జీఐ పైపు ఉంటే జాయింట్ల దగ్గర చూడండి. తెల్లటి పొడి కనిపిస్తే అది మొదలు. ఎర్రటి బుడిపెలా లేచిందంటే లోపల పైపు కాగితమంత అయిందని అర్థం. గోకి చూడాలని సరదా పడకండి, ధార మొహాన కొడుతుంది. ఆ ముక్క మార్పించే ఏర్పాటు చూడండి.

ఇప్పుడంతా ప్లాస్టిక్ పైపులే కదా, భయం లేదనుకుంటారు. వాటికి తుప్పు పట్టదు, కానీ ఎండ సరిపడదు. డాబా మీద ఏళ్ల తరబడి ఎండలో ఉన్న యూపీవీసీ (గట్టి పీవీసీ), సీపీవీసీ (వేడికి తట్టుకునే పీవీసీ) పైపు పెళుసుబారి చిన్న దెబ్బకే చిట్లుతుంది. తెల్ల పెయింటు ఒక కోటు వేయించండి, చాలు. ఇంకో మాట. గీజరు నుంచి వచ్చే వేడినీళ్ల లైనుకు సీపీవీసీయే వాడాలి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడి వంగిపోతుంది. పైపులు అతికించే గమ్ము కూడా దేనిది దానికే.

కొళాయిలు కొనేటప్పుడు చేత్తో పట్టుకుని బరువు చూడండి. ఇత్తడిది బరువుగా ఉంటుంది. తళతళలాడుతూ తేలిగ్గా ఉన్నవి మన ఊరి గాలికి తొందరగా పొక్కులు తేలి పైపూత ఊడిపోతుంది. స్టీలు అని ఇచ్చేవాటి మీదా సముద్రం దగ్గర గోధుమరంగు మచ్చలు వస్తాయి. వారానికోసారి మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడిస్తే ఉప్పు పోతుంది. యాసిడ్ పెట్టి తోమితే మచ్చతో పాటు మెరుపూ పోతుంది.

కారే కొళాయి

ఎంత నీరు పోతోందో తెలియాలంటే కింద గ్లాసు పెట్టి ఒక గంట ఆగండి. 200 మిల్లీలీటర్లు నిండిందంటే రోజుకి దాదాపు 5 లీటర్లు, నెలకి 150 లీటర్ల దాకా. ఆ లెక్క చూశాక బద్ధకం దానంతటదే పోతుంది.

నాలుగైదు చుట్లు తిప్పితే కట్టుకునే పాత రకం కొళాయి మూతి నుంచి కారుతుంటే తప్పు వాషరుది. పావు వంతు తిప్పితే కట్టుకునే కొత్త రకం అయితే లోపల సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, దాన్ని మొత్తంగా మార్చాల్సిందే. మూతి నుంచి కాకుండా పిడి మొదట్లోంచి ఊరుతుంటే పిడి కింద ఉండే గ్లాండ్ నట్టు పావు చుట్టు బిగించి చూడండి, చాలాసార్లు దాంతోనే ఆగుతుంది.

వాషరు మార్చడం ఇలా:

1. పైన వాల్వ్ కట్టి, కొళాయి తెరిచి మిగిలిన నీళ్లు వదిలేయండి.
2. కింద జాలీ మీద గుడ్డ పరవండి. చిన్న స్క్రూ ఒక్కటి అందులో పడిందంటే ఇక అంతే.
3. పిడి స్క్రూ తీసి, పిడి లాగి, లోపలి నట్టును స్పానరుతో విప్పండి. మెరుగు పోకుండా మధ్యలో గుడ్డ పెట్టండి.
4. స్పిండిల్ బయటకు వస్తుంది. దాని చివర అరిగిపోయిన వాషరును తీసి జేబులో వేసుకుని శానిటరీ షాపుకి వెళ్లండి. "అరంగుళం కొళాయిది" అని నోటితో చెప్తే ఏదో ఒకటి ఇస్తారు. పాతది చూపిస్తే సరైనది ఇస్తారు.
5. కొత్తది పెట్టే ముందు లోపల వాషరు ఆనే అంచుని వేలితో తడమండి. గరుకుగానో, గంటు పడినట్టో ఉంటే కొత్త వాషరు కూడా రెండు నెలలే. అప్పుడు కొళాయే మార్చడం మేలు.
6. వచ్చిన వరసకు ఎదురు వరసలో బిగించండి. వాల్వ్‌ను ఒక్కసారి కాకుండా మెల్లగా తెరవండి.

కొళాయే మార్చాల్సి వస్తే టెఫ్లాన్ టేపు సంగతి ఒక్కటి గుర్తుంచుకోండి. మర చివర మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి. ఎదురు చుడితే బిగించే కొద్దీ టేపు ఊడి వస్తుంది. సన్న టేపైతే పది చుట్ల దాకా లాగి పట్టి చుట్టండి. గోడలో ఉన్నది ప్లాస్టిక్ మర అయితే మీ బలమంతా చూపించకండి. అది పగిలిందంటే టైల్స్ కొట్టించాలి.

ఫ్లష్ ట్యాంకు దొంగ

ఇది చప్పుడు లేకుండా తాగేస్తుంది. పొద్దున్నే మోటారు వేసినా మధ్యాహ్నానికి ట్యాంకు ఖాళీ అవుతోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఫ్లష్ ట్యాంకు మూత తీసి, తెల్లబట్టలకు పెట్టే నీలిమందు కొన్ని చుక్కలు అందులో వేయండి. ఒక ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకూడదు. కమోడ్ గిన్నెలోకి నీలం దిగిందంటే ట్యాంకు అడుగున ఉండే రబ్బరు సరిగా ఆనడం లేదు. యాంగిల్ కాక్ కట్టి, నీళ్లు దించి, ఆ రబ్బరు తీసి పాచి తుడిచి పెట్టి చూడండి. గట్టిపడిపోయి ఉంటే మార్చండి. నీలం దిగకుండా నీళ్లు లోపల నిలువు గొట్టం మీంచి పొంగి పోతుంటే తప్పు లోపల తేలే బంతిది (ఫ్లోట్‌ది). నీటి మట్టం ఆ గొట్టం అంచుకి ఓ అంగుళం కింద ఆగేలా దాని స్క్రూ సర్దాలి.

నీళ్లు సన్నగా వస్తున్నాయా?

ఒక్క కొళాయిలోనా, ఇంటంతానా? ఒక్కదాంట్లో అయితే మూతి దగ్గర మరతో ఉండే జల్లెడ విప్పండి. ఇసుకో, తెల్లటి గారో పట్టి ఉంటుంది. వెనిగర్‌లో గానీ, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో గానీ రాత్రంతా నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో షవర్‌కీ ఇదే వైద్యం.

పై అంతస్తు షవర్ ఎప్పుడూ సన్నగానే వస్తుంటే అది జబ్బు కాదు, ఎత్తు. ట్యాంకులో నీటి మట్టం షవర్ కంటే 10 మీటర్లు పైన ఉంటే ఒక కిలో ప్రెషర్ వస్తుంది. మీ ట్యాంకు షవర్‌కి మూడు మీటర్ల ఎత్తులో మాత్రమే ఉంటే వచ్చేది అందులో మూడో వంతు కూడా కాదు. ట్యాంకు దిమ్మ ఎత్తు చేయించడమో, చిన్న ప్రెషర్ పంపు పెట్టడమో తప్ప ఎన్ని షవర్లు మార్చినా లాభం లేదు.

ట్యాంకు కడిగిన మర్నాడో, నీళ్లు పూర్తిగా అయిపోయి మళ్లీ నింపాకో ఒక లైను పనిచేయడం మానేస్తే పైపులో గాలి ఇరుక్కుంది. ట్యాంకు నిండా నింపి, ఆ లైనులో అన్నిటికంటే కింద ఉన్న కొళాయి పూర్తిగా తెరిచి ఉంచండి. ఉమ్మి ఉమ్మి చివరికి ధార కడుతుంది. మాటిమాటికీ ఇలాగే అవుతుంటే ట్యాంకు దగ్గర ఆ లైనుకి గాలి పోయే నిలువు పైపు ఉందో లేదో చూడండి. దాని మూతి ట్యాంకులోని నీటి మట్టం కంటే పైకి ఉండాలి.

ప్రెషర్ కోసం మున్సిపల్ కొళాయి లైనుకే నేరుగా మోటారు బిగించేవాళ్లున్నారు. అది నిబంధనలకు విరుద్ధం. పైగా లైనులో ఎక్కడ బీట ఉంటే అక్కడ పక్క కాలువ మురికిని కూడా అది లాగేస్తుంది. తాగేది మీ పిల్లలే.

సింకు, జాలీ, వాసన

సింకులో నీళ్లు మెల్లగా దిగుతుంటే యాసిడ్ సీసా వెతక్కండి. కింద బకెట్ పెట్టి, సింకు కింద సీసాలా వేలాడే బాటిల్ ట్రాప్ గిన్నెను చేత్తో తిప్పి విప్పండి. సగం ఇళ్లలో సమస్య అక్కడే ఉంటుంది: నూనె ముద్ద, కరివేపాకు, చింతపండు పిప్పి. కడిగి, రబ్బరు రింగు సరిగా కూర్చోబెట్టి మళ్లీ బిగించండి. పులుసు గిన్నెలు, వేపుడు మూకుళ్లు కాగితంతో తుడిచాక సింకులో వేస్తే ఈ పని ఏడాదికి ఒకసారి చాలు. వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే నురగ బాగా వస్తుంది, అంతకు మించి నాకేమీ కనిపించలేదు. మరిగే నీళ్లు కూడా పోయకండి, పీవీసీ పైపు వంగుతుంది.

ట్రాప్‌లో ఏమీ లేకపోతే రబ్బరు పంపు తీసుకోండి. బేసిన్ పైన పొంగు నీళ్ల కన్నం ఉంటే తడిగుడ్డతో మూయాలి, లేకపోతే మీరు నొక్కే గాలంతా అటే పోతుంది. రబ్బరు మునిగేంత నీళ్లుంచి పదిహేను ఇరవైసార్లు గట్టిగా నొక్కి లాగండి.

బాత్‌రూములో వాసన వస్తోందా? వాడని బాత్‌రూము అయితే నేల జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి ఉంటాయి. డ్రైనేజీ గాలిని, బొద్దింకలను ఆపేది ఆ రెండంగుళాల నీళ్లే. ఒక మగ్గు నీళ్లు పోస్తే సరి. వేసవి సెలవులకు ఊరెళ్తుంటే నీళ్ల మీద రెండు చెంచాల వంటనూనె కూడా వేసి వెళ్లండి, త్వరగా ఆవిరి కాదు.

ఒక్క హెచ్చరిక మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బాత్‌రూము యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఒకేచోట ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

గోడ చెమ్మ: ముందు కారణం, తర్వాత గొడవ

అపార్ట్‌మెంట్లలో సగం తగాదాలు దీని దగ్గరే పుడతాయి. కింది ఫ్లాటు సీలింగు మీద మరక పడగానే పై ఫ్లాటువాళ్లను అనేస్తాం. నాలుగు రోజులు ఓపిగ్గా చూస్తే గోడే చెబుతుంది.

మరక అంచున పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. వాన పడినప్పుడే గీత దాటితే బయటి గోడ పగులో, డాబానో. వానా ఎండా లేకుండా ఎప్పుడూ ఒకేలా తడిగా ఉంటే నీళ్లు నిండి ఉండే పైపు. వాళ్లు స్నానం చేసిన గంటకో రెండు గంటలకో తడి పెరిగితే డ్రైను పైపో, బాత్‌రూము నేలో.

పైపు మీద అనుమానమైతే రాత్రి పడుకోబోయే ముందు ఆ లైను వాల్వ్ కట్టండి. రెండు రాత్రులు, ఆ మధ్య పగలు కూడా కట్టే ఉంచండి, తప్పు పైపుదే అయితే మరక ఆరడం మొదలవుతుంది. ఇక్కడ కూడా వాల్వ్ సరిగ్గా కట్టుకుంటేనే పరీక్ష. నేల మీద అనుమానమైతే జాలీని ప్లాస్టిక్ కవరులో కట్టిన గుడ్డ ముద్దతో మూసి, ఒక అంగుళం నీళ్లు నిలబెట్టి ఓ పూట చూడండి. కింద తడి దిగితే నేలలో లోపం. దిగకపోతే గుడ్డ తీసి నీళ్లు ఒక్కసారిగా వదలండి, అప్పుడు దిగితే ట్రాప్ జాయింటు. నేను చూసినంతలో దొంగ ఎక్కువసార్లు దొరికింది నహానీ ట్రాప్ చుట్టూ, టైల్స్ సందుల్లోనే. సందులు గీకి కొత్తగా నింపడం ఒక రోజు పని. గోడ మొత్తం కొట్టాలని మొదటి రోజే చెప్పే మేస్త్రీని ఈ పరీక్షలన్నీ అయ్యాక పిలవండి.

గీజరు

ఇందులో మీ పని చాలా తక్కువ. వేడెక్కేటప్పుడు పక్కనున్న సేఫ్టీ వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు పడితే కంగారు పడకండి, వేడికి పెరిగిన నీళ్లకు అది దారి. దానికి బిరడా కొట్టిన మహానుభావులున్నారు, మీరు అందులో చేరకండి. ఏడాదికోసారి మెకానిక్‌ను పిలిచి గార తీయించి, లోపలి యానోడ్ కడ్డీ చూపించమనండి. అది కరిగిపోతే ఆ తర్వాత కరిగేది గీజరు ట్యాంకే. గోడలోపలి పైపులు, వీధి చాంబరు కూడా ప్లంబరుకే వదిలేయండి.

ట్యాంకు కడగడం

ఆరు నెలలకోసారి. ట్యాంకులో జానెడు నీళ్లు మిగిలేదాకా వాడేసి, కింది లైన్ల వాల్వ్‌లన్నీ కట్టండి. లేకపోతే బురదంతా కొళాయిల్లోకి దిగుతుంది. గట్టి బ్రష్‌తో గోడలు రుద్ది, మురికి నీళ్లు ఎత్తిపోసి, స్పాంజితో అడుగు తుడవండి. తర్వాత వెయ్యి లీటర్లకు సుమారు 150 గ్రాముల లెక్కన బ్లీచింగ్ పౌడరు బకెట్ నీళ్లలో కలిపి, తేరుకున్నాక పైనీళ్లు మాత్రమే ట్యాంకులో పోసి నింపండి. వాల్వ్‌లు తెరిచి, ప్రతి కొళాయీ క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేయండి. నాలుగైదు గంటలాగి అంతా బయటికి వదిలేసి, మంచినీళ్లతో ఒకసారి కడిగి నింపుకోండి. అప్పటిదాకా ఆ నీళ్లు తాగకూడదు, స్నానానికీ వద్దు. మూత సందు లేకుండా పడాలి. దోమ గుడ్లు పెట్టడానికి వేలెడు సందు ఎక్కువే.

సంప్‌లోకి దిగే పని మాత్రం ఒంటరిగా చేయకండి. మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి, పైన ఒక మనిషి నిలబడి ఉండాలి. మూసి ఉన్న సంప్‌లో ఊపిరాడక మనుషులు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం.

తుఫాను ముందు రోజు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిపోయాక కరెంటు లేక, మోటారు తిరగక మనం పడ్డ పాట్లు గుర్తున్నాయి కదా. అక్టోబర్, నవంబర్‌లలో వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే సంప్, ట్యాంకు రెండూ నింపేయండి. ఇది నీళ్ల కోసమే కాదు. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకును గాలి ఎత్తుకుపోతుంది. వెయ్యి లీటర్లు నిండిన ట్యాంకు బరువు టన్ను పైనే. మూతను తాడుతో అడ్డంగా, నిలువుగా కట్టండి. తాగడానికి, వంటకి వేరే బిందెలు నింపి పెట్టుకోండి.

చివరగా డాబా మీదకెళ్లి ట్యాంకు నుంచి దిగే వాల్వ్‌లన్నీ కట్టేసి రండి. ఎగిరొచ్చిన రేకు తగిలి పైపు విరిగినా ట్యాంకులో నీళ్లు మీవే. కావాల్సినప్పుడు ఒక్క లైను తెరుచుకుని నాలుగు బకెట్లు పట్టుకుని మళ్లీ కట్టేయవచ్చు, నెలనెలా తిప్పుతూ వచ్చిన వాల్వ్ అయితే.